కదలని కారు: చలి పలికే సాక్ష్యం

డిసెంబరు, జనవరి మాసాల్లో నల్లమల అంచున ఉన్న మన ఊళ్లలో తెల్లవారుజామున ఒక శబ్దం తరచుగా వినిపిస్తుంది. ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిద్ నుండి తిరిగి వచ్చేవారికి అది బాగా పరిచయమైనదే. ఎవరో కారు తాళం తిప్పుతారు. ఇంజను ఒకసారి మూలిగి ఆగిపోతుంది. మళ్లీ తిప్పుతారు, మరింత నీరసంగా మూలుగుతుంది. నాలుగైదు ప్రయత్నాల తర్వాత ఆ మూలుగు కూడా ఉండదు. "చలికి పట్టేసింది" అని నిట్టూర్చి యజమాని మెకానిక్ కోసం ఫోను చేస్తాడు.

ఇది చూడడానికి చిన్న ఇబ్బందే. కాని పశ్చిమ ప్రకాశంలో దూరాలు చిన్నవి కావు. పెద్ద వైద్యం కావాలంటే గిద్దలూరు, కంభం వాసులు నల్లమల దాటి నంద్యాలకో కర్నూలుకో వెళ్లాలి. మార్కాపురం, తర్లుపాడు వాసులు ఒంగోలుకో గుంటూరుకో పోవాలి. పురిటి నొప్పులు మొదలైన తల్లికి, డయాలసిస్‌కు వేళ తప్పకుండా చేరవలసిన వృద్ధునికి, పరీక్ష రాయవలసిన విద్యార్థికి ఆ తెల్లవారుజామున పోయే ఒక్క గంట ఎంతో విలువైనది. కారును కిరాయికి తిప్పి ఇల్లు గడుపుకొనే సోదరునికైతే అది ఆనాటి సంపాదనే. కాబట్టి ఈ మొరాయింపుకు అసలు కారణమేమిటో, దానిని ఎలా గుర్తించాలో, ఎలా సరిదిద్దుకోవాలో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండటం అవసరం.

మన చలి ఎంత?

ముందుగా ఒక విషయం నిష్కర్షగా చెప్పుకోవాలి. మన ప్రాంతపు చలి ఆరోగ్యంగా ఉన్న కారును ఆపగలిగినది కాదు. శీతాకాలపు తెల్లవారుజామున ఇక్కడ ఉష్ణోగ్రత సాధారణంగా 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అడవిని ఆనుకొని ఉన్న దిగువమెట్ట, పెద్దదోర్నాల వంటి చోట్ల మరికొంత తగ్గవచ్చు. మన రాష్ట్రంలోనే మన్యంలోని లంబసింగిలో కొన్ని రాత్రులు పాదరసం సున్నాకు చేరువవుతుంది. లడఖ్‌లో చలికి సాధారణ డీజిల్ మైనంలా గడ్డకట్టి ఇంధన గొట్టాల్లో నిలిచిపోతుంది. అందుకే మైనస్ 33 డిగ్రీల వరకు ద్రవరూపంలోనే ఉండే శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో అక్కడ ప్రవేశపెట్టింది. కెనడాలోని మైదాన రాష్ట్రాల్లో స్థిరపడిన మన తెలుగువారు రాత్రిపూట ఇంజను చల్లబడిపోకుండా దానికి అమర్చిన హీటరును కరెంటు ప్లగ్గుకు తగిలించి నిద్రపోతారు. అక్కడ చలి నిజంగానే నేరస్థురాలు.

మన దగ్గర పరిస్థితి వేరు. ఇక్కడ చలి సాక్షి మాత్రమే. కారులో ఎప్పటినుండో దాగి ఉన్న బలహీనతను అది బయటపెడుతుంది. చలి మీద నింద మోపి ఊరుకుంటే మధ్యాహ్నం ఎండ వచ్చాక కారు మామూలుగానే కదులుతుంది, యజమాని సంగతి మరచిపోతాడు. అసలు రోగం లోపలే మిగిలిపోయి, మరింత అవసరమైన రోజున మళ్లీ తలెత్తుతుంది.

ఎండాకాలపు గాయం, చలికాలపు నొప్పి

ఇంజను తనంతట తానుగా మొదలు కాలేదు. పిస్టన్లు కదిలితేనే ఇంధనం లోపలికి వచ్చి మండుతుంది. ఇంధనం మండితేనే పిస్టన్లు కదులుతాయి. ఈ చిక్కుముడి వీడాలంటే తొలి భ్రమణం బయటి నుండి అందాలి. చక్రపు భ్రమణానికీ పిస్టను రాకపోకలకూ లంకె కుదిర్చే యంత్ర భాగాన్ని 1206లో తన గ్రంథాన్ని పూర్తిచేసిన ముస్లిం శాస్త్రజ్ఞుడు అల్ జజరీ నీటి పంపులో ఉపయోగించి చూపాడు. మన కారు ఇంజనులోనూ అటువంటి ఏర్పాటే ఉంది. దానిని మొదట తిప్పడానికి పూర్వం ముందు భాగాన ఇనుప హ్యాండిల్ పెట్టి మనిషే బలంగా తిప్పేవాడు. ఒక్కోసారి అది వెనక్కు తన్ని చేతులు విరిచేది. 1912 నాటి కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు ఆ బాధను తప్పించింది. మనం వాడుకలో 'సెల్ఫ్' అనేది దానినే.

ఆ సెల్ఫ్ మోటారుకు బలమిచ్చేది బ్యాటరీ. అందులో సీసపు పలకలు, పలుచని గంధకికామ్లం ఉంటాయి. వాటి మధ్య జరిగే రసాయన చర్య వల్ల విద్యుత్తు పుడుతుంది. చల్లదనంలో ఈ చర్య మందగిస్తుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద బ్యాటరీ బలం సగానికి అటూ ఇటూగా పడిపోతుంది. మన 15 డిగ్రీల చలిలో తగ్గేది కొద్దిపాటి బలమే. కొత్త బ్యాటరీకి అది లెక్కలోకి రాదు. అప్పటికే కొన ఊపిరితో ఉన్నదానికి మాత్రం ఆ కొద్దిపాటి తగ్గుదలే చాలు.

మరి బ్యాటరీ ప్రాణం తీసినది ఏది? ఎండ. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే. ఇంజను పక్కన బిగించిన బ్యాటరీ చుట్టూ వేడి అంతకన్నా ఎక్కువగా ఉంటుంది. ఎడతెగని ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ బ్యాటరీ ఆయుష్షు రమారమి సగమవుతుందని సాంకేతిక నిపుణుల స్థూలమైన లెక్క. ఎండకు లోపలి నీరు ఆవిరవుతుంది, పలకలు బయటపడతాయి, వాటిలోని ఇనుపజాలి వంటి అల్లిక తుప్పుపట్టి కృశిస్తుంది. వేసవిలో ఇంజను ఆయిలు పలుచగా ఉండి సులువుగా తిరుగుతుంది గనుక ఈ క్షీణత బయటికి తెలియదు. చలికి ఆయిలు చిక్కబడి ఇంజను బరువుగా తిరగవలసి వచ్చినప్పుడు గుట్టు రట్టవుతుంది. మే నెలలో తగిలిన గాయం డిసెంబరులో నొప్పి పెడుతుందన్న మాట.

మొదటి పరీక్ష చెవితోనే

మెకానిక్ రాకముందే, ఏ పరికరమూ లేకుండానే, సగం నిర్ధారణ మనం చేయవచ్చు. తాళం తిప్పినప్పుడు కారు ఏమంటున్నదో శ్రద్ధగా వినాలి. అంతకన్నా ముందు గేరు న్యూట్రల్‌లో ఉన్నదా, క్లచ్ పూర్తిగా తొక్కామా అని చూసుకోవాలి. ఆటోమేటిక్ కారైతే పి లేదా ఎన్ స్థానంలో ఉండాలి.

అసలు ఏ శబ్దమూ లేక, డాష్‌బోర్డు దీపాలు కూడా వెలగకపోతే, బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి ఉండాలి, లేదా దాని టెర్మినల్ వదులై ఉండాలి.

'టిక్ టిక్ టిక్' అని వరుసగా వేగంగా కొట్టుకుంటే బ్యాటరీలో చార్జి చాలదని అర్థం. సెల్ఫ్ అందుకోబోతున్నది, బలం చాలక వదిలేస్తున్నది. టెర్మినల్ సరిగా అంటకపోయినా ఇదే శబ్దం వస్తుంది.

'టక్' అని ఒక్కసారి మోగి ఆగిపోతే సెల్ఫ్ మోటారును గాని, దాని సొలినాయిడ్‌ను గాని, ఇంజనుకు బాడీకి మధ్య ఉండే ఎర్తు వైరును గాని అనుమానించాలి.

ఇంజను భారంగా, నిద్రమత్తులో ఉన్నట్లు తిరుగుతుంటే బలహీనమైన బ్యాటరీ, తుప్పుపట్టిన కేబుళ్లు, సరిపడని చిక్కని ఆయిలు, ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు.

ఇంజను చురుకుగా తిరుగుతూ అంటుకోకపోతే బ్యాటరీ నిర్దోషి. లోపం ఇంధనంలోనో, నిప్పురవ్వలోనో, డీజిల్ కారైతే హీటర్ ప్లగ్గులలోనో వెతకాలి.

ఈ నిర్ధారణను హెడ్‌లైట్లతో బలపరచుకోవచ్చు. వాటిని వెలిగించి ఒకరు ఎదుట నిలబడాలి, మరొకరు తాళం తిప్పాలి. దీపాలు బాగా మసకబారితే లోపం బ్యాటరీలో గాని దాని అతుకుల్లో గాని ఉన్నది. దీపాలు ఏమాత్రం తగ్గకుండా ఉండి 'టక్' మని మాత్రమే వినిపిస్తే చూపు సెల్ఫ్ వైపు మళ్లించాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంట్లోని స్త్రీలు, ఎదిగిన పిల్లలు కూడా నేర్చుకోదగినది. "కారు కదలడం లేదు" అని చెప్పడానికి, "ఒక్కసారి టక్ మంటున్నది, దీపాలు మాత్రం తగ్గడం లేదు" అని చెప్పడానికి చాలా తేడా ఉంది. ఆ రెండో మాట విన్న మెకానిక్ తగిన సామగ్రితోనే వస్తాడు.

ఒక జాగ్రత్త మరువరాదు. తాళం తిప్పి పట్టుకోవడం 10 సెకన్లకు మించకూడదు. ప్రతి ప్రయత్నం తర్వాత కనీసం అర నిమిషం ఆగాలి. విసుగుతో వరుసగా తిప్పితే మిగిలిన కొద్దిపాటి చార్జి ఆవిరవుతుంది, సెల్ఫ్ మోటారు చుట్టలు వేడెక్కి కాలిపోతాయి. రెండు వేలతో తీరవలసిన లోపం అలా పదివేలకు పాకిన ఉదంతాలు మెకానిక్‌లందరికీ తెలిసినవే.

బ్యాటరీని పరిశీలించే క్రమం

నిర్ధారణలో క్రమమే ముఖ్యం. ఖర్చులేని వాటిని ముందు చూసి, ఖర్చయ్యే వాటిని చివరకు వదలాలి. ఈ వరుస తప్పినప్పుడే కొత్త బ్యాటరీ కొన్నాక కూడా కారు కదలక యజమాని తల పట్టుకుంటాడు.

మొదట టెర్మినళ్లు. వాటి మీద తెల్లగానో ఆకుపచ్చగానో బూజువంటి పొర పేరుకొని ఉంటే విద్యుత్తు సరిగా ప్రవహించదు. చేత్తో కదిపితే టెర్మినల్ కదలరాదు. శుభ్రం చేయడానికి ముందు నల్లని నెగటివ్ వైరు విప్పాలి, తర్వాత ఎర్రని పాజిటివ్. వేడినీటిలో తినే సోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, ఆరిన తర్వాత బిగించాలి. ఆ సోడానీరు బ్యాటరీ మూతల గుండా లోపలికి పోకుండా చూడాలి. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివరగా నెగటివ్. పైన కాస్త వ్యాజలిన్ పూస్తే తుప్పు త్వరగా చేరదు. చాలా కార్లు ఇంతటితోనే బాగుపడతాయి.

తర్వాత నీటి మట్టం. మూతలు తీయగలిగిన బ్యాటరీ అయితే ఆరు గదుల్లోనూ పలకలు మునిగి ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే గుర్తు వరకు పోయాలి. ఇక్కడ మన ప్రాంతంవారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఉంది. పశ్చిమ ప్రకాశంలో బోరు నీటి గుణం అందరికీ తెలిసినదే. ఫ్లోరైడు వల్ల పళ్లు గారపట్టినవారిని, కీళ్లు వంగినవారిని ఎన్నో గ్రామాల్లో చూస్తున్నాం. ఆ నీటిలోని లవణాలు బ్యాటరీ పలకలను కూడా పాడుచేస్తాయి. 'నీళ్లే కదా' అని బిందెలోని నీరు పోయడం బ్యాటరీని చేతులారా చంపడమే. రేడియేటరులో కూడా బోరు నీరు గారకట్టి దారులను మూసివేస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన కూలెంట్‌నే వాడాలి.

మూడవది వోల్టేజి. నాలుగైదు వందలకు దొరికే మల్టీమీటరు ఇంట్లో ఉంటే ఎన్నో విధాల పనికివస్తుంది. రాత్రంతా కదలని కారులో ఉదయాన్నే బ్యాటరీ కొనల మధ్య కొలిస్తే 12.6 వోల్టులు ఉండాలి. అది నిండు చార్జి. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తగ్గితే ఖాళీ అయినట్లే. సెల్ఫ్ తిరుగుతుండగా కొలిచినప్పుడు 10 వోల్టుల కంటే బాగా కిందికి పడిపోతే బ్యాటరీ బలం ఉడిగిందని గ్రహించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుండి 14.5 వరకు చూపాలి. అలా చూపకపోతే మనవాళ్లు డైనమో అని పిలిచే ఆల్టర్నేటరు పని చేయడం లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజుల్లో అది కూడా చతికిలబడుతుంది.

మూతలు లేని బ్యాటరీల మీద చిన్న ఆకుపచ్చ కన్ను వంటి గుర్తు ఉంటుంది. అది పచ్చగా ఉన్నంత మాత్రాన అంతా సవ్యమని భావించరాదు. ఆరు గదుల్లో ఒక్కదాని స్థితినే అది తెలుపుతుంది. బ్యాటరీ కొట్టులో లోడు టెస్టరు పెట్టి చూపించుకుంటేనే అసలు సంగతి తేలుతుంది. మన ఎండలకు బ్యాటరీ మూడు నాలుగేళ్లు నడిస్తే తృప్తి చెందవచ్చు. తయారైన నెల, సంవత్సరం దాని మీదనే ముద్రించి ఉంటాయి.

ఇంజను తిరిగినా అంటుకోకపోతే

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని బాగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం రాజుకుంటుంది. చల్లని ఇంజనులో ఆ వేడి చాలదు గనుక చాలా డీజిల్ కార్లలో హీటర్ ప్లగ్గులు అమర్చుతారు. తాళం ఆన్ చేయగానే డాష్‌బోర్డు మీద స్ప్రింగు ఆకారంలో పసుపు దీపం వెలుగుతుంది. అది ఆరిపోయే వరకు ఆగి ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టాలి. తొందరపాటుతో ఆగకపోవడం వల్లనే ఎందరికో ఉదయం పూట ఇబ్బంది కలుగుతుంది. ఆగినా కష్టంగానే అంటుకొని కొంతసేపు తెల్లని పొగ వస్తూ ఇంజను కుంటుతూ నడిస్తే ఒకటి రెండు ప్లగ్గులు కాలిపోయి ఉండవచ్చు. ఆటో ఎలక్ట్రీషియన్ మీటరుతో నిమిషాల్లో తేల్చగలడు.

డీజిల్ కార్లలో మరో సాధారణ లోపం గాలి పట్టడం. ఇంధన గొట్టంలో సన్నని పగులు ఉంటే రాత్రి కారు నిలిచి ఉన్నప్పుడు డీజిల్ వెనక్కు జారి గాలి చేరుతుంది. ఉదయం చాలాసేపు తిప్పాలి, పగలు మాత్రం వెంటనే అంటుకుంటుంది. దీనిని కూడా చలి ఖాతాలోనే వేస్తుంటారు. ఫిల్టరు మీది చేతి పంపును గట్టిపడే వరకు నొక్కినప్పుడు వెంటనే అంటుకుంటే అనుమానం నిజమే. ఫిల్టరు అడుగున చేరే నీటిని కూడా ఎప్పటికప్పుడు తీయించాలి.

పెట్రోలు కారులో స్పార్క్ ప్లగ్గులు అరిగిపోవడం, ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడటం, పెట్రోలు పంపు పని చేయకపోవడం ముఖ్య కారణాలు. తాళం ఆన్ చేసిన క్షణంలో వెనుక సీటు వైపు నుండి రెండు సెకన్లపాటు సన్నగా గుయ్ మన్న శబ్దం వస్తే పంపు పని చేస్తున్నట్లు. గ్యాస్ కిట్టు ఉన్న కార్లు చాలావరకు పెట్రోలుతో మొదలై తర్వాత గ్యాసుకు మారతాయి. ట్యాంకులో పెట్రోలు అడుగంటి నెలల తరబడి పాతబడితే ఉదయం అంటుకోదు. ట్యాంకులో కొంత పెట్రోలు ఎప్పుడూ ఉంచి, అప్పుడప్పుడు దానితోనే నడపాలి.

డాష్‌బోర్డు మీద తాళం గుర్తు కొట్టుకుంటుంటే కారు మన తాళాన్ని గుర్తించలేదని అర్థం. రెండో తాళంతో ప్రయత్నించాలి. ఇక ఎలుకలు. చలికాలంలో అవి వెచ్చదనం కోసం ఇంజను గదిలో చేరి వైర్లు కొరుకుతాయి. పొలాల పక్కన, గడ్డివాముల దగ్గర కారు నిలిపేవారు బానెట్ తెరిచి ఒకసారి చూడటం మంచిది.

తోడు బ్యాటరీతో కదిలించడం

అత్యవసరమైతే మరో కారు బ్యాటరీ నుండి కేబుళ్లతో బలం తీసుకోవచ్చు. రెండు కార్ల ఇంజన్లు ఆపి, కార్లు ఒకదానికొకటి తాకకుండా దగ్గరగా నిలపాలి. ఎర్ర కేబులు ఒక కొనను ఖాళీ బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొనను మంచి బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించాలి. నల్ల కేబులు ఒక కొనను మంచి బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొనను ఖాళీ బ్యాటరీకి దూరంగా, కదలని కారు ఇంజను మీద రంగులేని లోహభాగానికి తగిలించాలి. బ్యాటరీ నుండి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడవచ్చు, దాని పక్కన నిప్పురవ్వ పుట్టకుండా ఈ జాగ్రత్త. మంచి కారును మొదలుపెట్టి నాలుగైదు నిమిషాలు నడిపి, తర్వాత రెండో దానిని ప్రయత్నించాలి. తీసేటప్పుడు ఇదే క్రమాన్ని వెనుక నుండి పాటించాలి.

రోడ్డు పక్కన లారీ ఆపి సాయం అడిగేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. లారీలు, బస్సుల విద్యుత్ వ్యవస్థ 24 వోల్టులది, కారుది 12. ఆ రెంటినీ కలిపితే కారులోని ఎలక్ట్రానిక్ పరికరాలు కాలిపోతాయి.

నెట్టి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేర్లున్న కారుకే చెల్లుతుంది, ఆటోమేటిక్ కారుకు పనికిరాదు. తాళం ఆన్ చేసి రెండో గేరులో క్లచ్ వదలాలి. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే కొత్త కార్లు నెట్టినా అంటుకోవు. దోర్నాల, దిగువమెట్ట ఘాట్ల వంటి పల్లాల్లో ఈ సాహసం చేయనే కూడదు. ఇంజను నడవనప్పుడు బ్రేకు, స్టీరింగు రెండూ బిగుసుకొని ఉంటాయి.

మరి రెండు హెచ్చరికలు. ఇంజను వేడెక్కడానికి కింద మంట పెట్టే పాత అలవాటు ప్రాణాంతకం. మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ ఉంచడం అంతకన్నా ప్రమాదం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

తడిసిన ధాన్యం

వాహనాన్ని గురించిన ఈ చర్చలో ధర్మానికి సంబంధించిన కోణం కూడా ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి మదీనా బజారులో ధాన్యపు రాశి వద్ద ఆగి, అందులో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పినప్పుడు, కొనేవారికి కనిపించేలా ఆ తడిసిన దానిని పైననే ఎందుకు ఉంచలేదని ప్రశ్నించారు, మోసగించేవాని విషయంలో కఠినంగా హెచ్చరించారు.

ఈ బోధన ఆ రాశి వద్దనే ఆగిపోలేదు. టెర్మినల్ శుభ్రం చేస్తే తీరిపోయే లోపానికి కొత్త సెల్ఫ్ మోటారు అంటగట్టే మెకానిక్, పాత బ్యాటరీకి కొత్త స్టిక్కరు అంటించి అమ్మే వ్యాపారి, ఉదయాన కదలదని తెలిసి కూడా మధ్యాహ్నపు ఎండలో ఇంజను నడిపి చూపించి కారును అమ్మేసే యజమాని, ముగ్గురూ ఆ తడిసిన ధాన్యాన్నే అమ్ముతున్నారు. మన ఊళ్లలో మెకానిక్ షెడ్లు, బ్యాటరీ కొట్లు నడుపుకొనే ముస్లిం సోదరులు ఎందరో ఉన్నారు. మార్చిన పాత భాగాన్ని వాహనదారుని చేతికి ఇవ్వడం, మీటరు చూపే అంకెను అతనికి చూపించడం, 'ఇప్పుడే కొత్తది అవసరం లేదు' అని ధైర్యంగా చెప్పగలగడం వారి వృత్తికి శుభాన్ని, వారి సంపాదనకు బర్కత్‌ను తెచ్చే సంగతులు. వాహనదారుడు కూడా కారణం తెలుసుకోకుండా భాగాల మీద భాగాలు మార్పించడం దుబారా అవుతుంది. దుబారాను ఇస్లాం ఇష్టపడదు.

పాత బ్యాటరీ విషయంలో మరో బాధ్యత ఉంది. అందులోని సీసం విషం. పెరట్లో పగలగొట్టి కరిగిస్తే ఆ పొగ, ధూళి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. కొత్తది కొన్న చోటనే పాతది అప్పగించాలి.

ఒంటెను కట్టి, ఆపై నమ్మకం

ఒంటెను కట్టివేసి అల్లాహ్ మీద భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (స) ముందు దానిని కట్టమని, ఆ తర్వాత అల్లాహ్‌పై నమ్మకం ఉంచమని ఉపదేశించారు. నేటి మన వాహనాలకు ఆ కట్టడం ఎలా ఉంటుందో ఈ క్రింది పనులు చెబుతాయి.

వర్షాలు తగ్గి చలి మొదలు కాకముందే, అక్టోబరు, నవంబరులలో బ్యాటరీని లోడు టెస్టరుతో పరీక్షించుకోవాలి. మూడేళ్లు దాటిన బ్యాటరీ పరీక్షలో తప్పితే, తెల్లవారుజామున అది మొండికేసే దాకా ఆగకుండా మార్చివేయాలి. ఇంజను ఆయిలు కారు మాన్యువల్‌లో సూచించిన గ్రేడుదే పోయాలి. ఆయిలు డబ్బా మీద డబ్ల్యూ అక్షరానికి ముందుండే అంకె ఎంత తక్కువైతే చల్లదనంలో అది అంత సులువుగా పారుతుంది. చిన్న అంకె సూచించిన కారులో చవకని చెప్పి చిక్కని ఆయిలు పోయడం ఉదయపు కష్టాన్ని కొని తెచ్చుకోవడమే.

ఊరిలో చిన్న చిన్న దూరాలకే వాడే కారుకు, గల్ఫ్‌లో ఉన్న కుమారుడు సెలవుల్లో వాడుకుందామని కొని ఇంటి ముందు నిలిపి వెళ్లిన కారుకు, వారానికి ఒకసారైనా అరగంట పాటు రోడ్డు మీద నడక అవసరం. నిలిపి ఉంచి ఇంజను ఐదు నిమిషాలు నడిపించి ఆపితే సెల్ఫ్ తీసుకున్న చార్జి కూడా తిరిగి చేరదు. నెలల తరబడి వాడనప్పుడు నెగటివ్ టెర్మినల్ విప్పి ఉంచడం మేలు. రాత్రి కారు దిగేటప్పుడు లోపలి దీపం, డిక్కీ దీపం ఆరిపోయాయో లేదో చూడాలి. ఒక జత మంచి జంపర్ కేబుళ్లు, ఒక టార్చి కారులో ఎప్పుడూ ఉండాలి.

ఆ కేబుళ్లు మన కోసం మాత్రమే కావు. ఒక వ్యక్తిని తన వాహనం ఎక్కడానికి సహాయపడటం, అతని సామాను ఎత్తి పెట్టడం కూడా దానమేనని దైవప్రవక్త (స) బోధించారు. కంభం రోడ్డులోనో, నల్లమల మలుపులోనో, మన వీధిలోనో చలి ఉదయాన కారు కదలక నిలిచిపోయినవాని పక్కన ఆగి రెండు కేబుళ్లు తగిలించడం ఆ కోవలోని పుణ్యకార్యమే. అతడు ఏ మతస్థుడన్న ప్రశ్న అక్కడ తలెత్తదు. అతని కారులో ఆసుపత్రికి చేరవలసిన రోగి ఉండవచ్చు.

వాహనాన్ని మన అదుపులో ఉంచినవాడు అల్లాహ్. ప్రయాణం మొదలుపెట్టేటప్పుడు చదివే దుఆలో మనం ఒప్పుకొనేది ఆ మాటనే. ఆ అనుగ్రహానికి కృతజ్ఞత నాలుక మీది పలుకుతో పూర్తి కాదు. టెర్మినల్ మీది తుప్పు తుడవడం, నీటి మట్టం చూడటం, కారు చేసే శబ్దాన్ని చెవొగ్గి వినడం కూడా ఆ కృతజ్ఞతలో భాగమే. అలా చూసుకున్న వాహనం మన తెల్లవారుజామున, మనవారి ఆపద వేళ, ఇన్షా అల్లాహ్, మొదటి పిలుపుకే పలుకుతుంది.